గాలికి కూడా ఖాతా రాసేచోట: సైన్స్ ఫిక్షన్ రోల్‌ప్లేయింగ్ ఆటలో పీడించే అధికారాన్ని ఎలా చూపాలి

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఒడిశాలోని రాయగడలో మా ఇంటి మేడమీద గదిలో ఐదుగురం కూర్చుని రోల్‌ప్లేయింగ్ ఆట ఆడుతుంటాం. నలుగురు తలా ఒక పాత్ర పట్టుకుంటారు. మిగిలిన లోకాన్నీ, అందులోని మనుషులందరినీ గేమ్ మాస్టర్‌గా నేను నడుపుతాను. ఏ పని ఫలిస్తుందో తెలియని చోట పాచికలు వేసి తేలుస్తాం. పోయిన ఏడాదంతా మేం ఆడిన కథ, సీరీస్ అనే మరుగుజ్జు గ్రహం మీద మంచు తవ్వే ఒక స్టేషన్‌లో జరుగుతుంది. కూలీలను అప్పుతోనూ ఆశతోనూ భయంతోనూ కట్టిపడేసే మేస్త్రీ ఒకడు ఆ కథలో ఉన్నాడు. అతన్ని నడపడంలో మొదట నేను తప్పులు చేశాను, కొన్నింటిని తర్వాత దిద్దుకున్నాను. మీరు కూడా ఇలాంటి కథ నడపదలిస్తే ఏ పని ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో వరసగా చెబుతాను. ఈ కథలోకి పద్దెనిమిదేళ్లు నిండనివారిని పిలవకండి.

మొదట, కథ కంటే ముందు మనుషులు

ఆట మొదలుపెట్టడానికి కనీసం వారం ముందు అందరినీ ఒకసారి కూర్చోబెట్టండి. దీన్ని ఆడేవాళ్లు సెషన్ జీరో అంటారు. ఆ రోజు పాచికలు తీయకండి. కథలో అప్పు, దౌర్జన్యం, అవమానం ఉంటాయని దాచకుండా చెప్పి, ఎవరికి ఎంతవరకు సమ్మతమో తెలుసుకోండి. రాన్ ఎడ్వర్డ్స్ అనే ఆటల రచయిత 2003లో చెప్పిన పద్ధతి ఇందుకు బాగా పనికొస్తుంది. దాని ప్రకారం కథలోకి అసలు రాకూడని విషయాలకు ఒక గీత గీస్తారు. కథలో జరిగినా బల్ల మీద వర్ణించకుండా దాటేయవలసిన విషయాలకు ఒక తెర వేస్తారు. మా ఆటలో లైంగిక హింస, పిల్లలను కొట్టడం గీతకు అవతల ఉన్నాయి. శిక్షగా గాలి తగ్గించడం తెర వెనక ఉంది, అంటే అది జరిగిందని ఒక్క వాక్యంలో చెప్పి మర్నాటి ఉదయానికి వెళ్లిపోతాను.

ఇక్కడ మన ఊళ్లకు సంబంధించిన ఒక చిక్కును గమనించాలి. రాయగడలోనైనా, గుణుపూర్‌లోనైనా, పర్లాకిమిడిలోనైనా బల్ల చుట్టూ కూర్చునేవాళ్లు ముక్కూముఖం తెలియనివాళ్లు కారు. ఒకరు మరొకరికి వదిన అవుతారు, ఒకరి మేనేజర్ పక్కనే కూర్చుంటాడు, ఒకరికి చదువు చెప్పిన మాస్టారు ఎదురుగా ఉంటారు. "మీకు ఏ విషయం ఇబ్బంది?" అని అందరిలో అడిగితే ఎవరూ నోరు విప్పరు. అందుకని చిన్న చీటీలు పంచి, పేరు లేకుండా ఇంట్లో రాసి తెమ్మనండి. వచ్చిన చీటీలన్నింటినీ మీరే ఒక కాగితం మీద తిరగరాసి బల్ల మీద పెట్టండి, చేతిరాతను బట్టి ఎవరిదో పోల్చుకునే అవకాశం ఉండదు. ఏ మాటకూ కారణం అడగవద్దు.

రెండో పని, అధికారం చేతిలో ఉన్న వస్తువును ఎంచుకోవడం

దౌర్జన్యం అనగానే కొరడాను, తుపాకిని ఊహించుకుంటాం. కొట్టేవాడిని చూపించడం సులువే. కానీ ఆటగాళ్లు అతన్ని మొదటి గంటలోనే శత్రువుగా గుర్తుపట్టి తిరగబడతారు, దాంతో కథ కొట్లాటగా మారిపోతుంది. మనిషిని ఏళ్ల తరబడి కట్టి ఉంచే అధికారం సాధారణంగా ఒక వస్తువు ద్వారా పనిచేస్తుంది. అది భూమి కావచ్చు, బియ్యం కావచ్చు, రైలు టికెట్ కావచ్చు. మీ కథలో ఆ వస్తువు ఏమిటో ముందుగా తేల్చుకోండి.

సైన్స్ ఫిక్షన్‌లో ఇందుకు చక్కని వీలుంది. ఊపిరి పీల్చే గాలిని కూడా ఎవరో ఒకరు తయారుచేసి ఇవ్వవలసిన చోటు అది. మనిషికి రోజుకు సుమారు 0.84 కిలోల ఆక్సిజన్ కావాలి. సీరీస్ వ్యాసం దాదాపు 940 కిలోమీటర్లు, అక్కడి ఆకర్షణ ఎంత తక్కువంటే భూమి మీద 60 కిలోలు తూగే మనిషి అక్కడ రెండు కిలోలు కూడా తూగడు. భూమితో మాట్లాడాలంటే, రెండు గోళాలు దగ్గరగా ఉన్నప్పుడైనా మాట చేరడానికి పదమూడు నిమిషాలు పడుతుంది, దూరంగా ఉన్నప్పుడు అరగంట దాటిపోతుంది. "కాపాడండి" అన్న పిలుపుకు జవాబు అంత ఆలస్యంగా వచ్చే చోట ఒంటరితనాన్ని మీరు ప్రత్యేకంగా వర్ణించనక్కరలేదు.

తర్వాత ఖాతా తయారుచేయండి. నేను నిజంగానే కిరాణా కొట్లో వాడే ఎర్ర అట్ట ఖాతాపుస్తకం ఒకటి కొని బల్ల మధ్యలో పెట్టాను. మొదటి పేజీలో ప్రతి పాత్రకూ ప్రయాణం అడ్వాన్సు 300 పాయింట్లు అప్పుగా రాశాను. షిఫ్టుకు కూలి 20. గాలికి 11, తిండికి 6, సూటు అద్దె 4, మొత్తం కోత 21. అంటే కష్టపడి పనిచేసిన ప్రతి రోజూ అప్పు ఒక పాయింటు పెరుగుతుంది. ముప్పై షిఫ్టుల తర్వాత ఖాతాలో 330 ఉంటుంది. ఈ లెక్కను మీరు వివరించవద్దు. ప్రతి సెషన్ చివర ఎవరి పేజీ వాళ్లచేతే రాయించండి. మా బల్ల దగ్గర మూడో ఆదివారం, స్టేట్ బోర్డు లెక్కలు చెప్పే ఒక ఆటగాడు కూడికలు రెండుసార్లు సరిచూసుకుని, పెన్సిలు కింద పెట్టి, "ఇది ఎప్పటికీ తీరదు కదా" అని మెల్లగా అన్నాడు. ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అంతవరకు నేను ఒక్క దెబ్బను కూడా వర్ణించలేదు.

ఆటల్లో అప్పు కొత్త సంగతేమీ కాదు. 1977లో వచ్చిన ట్రావెలర్ ఆటలో అంతరిక్ష నౌకను వాయిదాల మీద కొనుక్కునే నియమం ఉంది. ముందుగా ఐదో వంతు చెల్లించి, ఆపైన నెలకు ధరలో 240వ వంతు చొప్పున 480 నెలలు కట్టాలి. నలభై ఏళ్లు తిరిగేసరికి నౌక ధరకు రెట్టింపు దాటిపోతుంది. ఆ వాయిదా కోసమే ఆటగాళ్లు సాహసాలకు బయలుదేరతారు. అయితే అక్కడ అప్పు చేసినవాడికి నౌక దక్కుతుంది, నౌకతో పాటు ఎటైనా వెళ్లే స్వేచ్ఛ దక్కుతుంది. మీ కథలో ఆ స్వేచ్ఛను తీసేస్తే అదే లెక్క గొలుసుగా మారుతుంది.

ఈ గొలుసు మన ప్రాంతానికి తెలియనిది కాదు. 1992లో జిల్లా విడిపోకముందు రాయగడ కూడా కలిసి ఉన్న పాత కోరాపుట్‌లో, షావుకారు దగ్గర కొద్ది అప్పు తీసుకుని అది తీరేవరకు అతని పొలంలో పనిచేసే మనిషిని గోతి అనేవారు. అప్పు తీరకపోతే ఆ భారం కొడుకు మీద పడేది. 1948లోనే ఒడిశాలో దీన్ని నిషేధిస్తూ రెగ్యులేషన్ వచ్చింది, వెట్టిని దేశమంతటా రద్దు చేసిన చట్టం 1976లో వచ్చింది. నేటికీ నుఆఖాయి పండుగ రోజుల్లో అడ్వాన్సు తీసుకుని, పంటలయ్యాక కూలీలను కుదిర్చే సర్దార్ వెంట ఇటుక బట్టీలకు వెళ్లే దాదన్ కూలీలను టిట్లాగఢ్ వైపు నుంచి విజయనగరం దిగే రైళ్లలో మనం చూస్తూనే ఉన్నాం. మీరు ఈ అనుభవాల నుంచి పద్ధతిని మాత్రమే తీసుకోండి. ఇక్కడి గిరిజనులైన కొంధులనో, సవరలనో, పరజాలనో పేరు మార్చి అంతరిక్షంలో దెబ్బలు తినే జాతిగా పెట్టడం తప్పని నా గట్టి అభిప్రాయం. ఇంకా ఆ బాధలో ఉన్న మనుషుల్ని మన ఆదివారపు ఆటకు వేషంగా తొడుక్కోకూడదు.

మీ ఖాతా సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడానికి, నిర్బంధ శ్రమను గుర్తించేందుకు అంతర్జాతీయ కార్మిక సంస్థ చెప్పే పదకొండు సూచికలు ఉపయోగపడతాయి. నిస్సహాయతను వాడుకోవడం, మోసం, కదలికలపై ఆంక్షలు, ఒంటరిని చేయడం, గుర్తింపు కాగితాలు పట్టుకోవడం, కూలి ఆపడం, అప్పుతో కట్టేయడం, అతిగా పనిచేయించడం వంటివి అందులో ఉన్నాయి. అన్నింటినీ కుక్కవద్దు. మూడింటిని తీసుకుని లోతుగా చూపిస్తే చాలు.

మూడో పని, పీడించేవాణ్ణి మనిషిగా రాయడం

మేస్త్రీకి పైన ఒక అధికారి ఉండాలి, అతనికీ ఒక ఖాతా ఉండాలి. అతనికి భయం, అలసట, ఇంటిమీద బెంగ ఉండాలి. అతన్ని క్షమించడానికి కాదు, అతను చేసే పనులు నమ్మేలా ఉండటానికే ఇవన్నీ. కొరియా యుద్ధంలో బందీలైన అమెరికా వైమానిక సిబ్బందిని ఎలా లొంగదీశారో పరిశీలించిన ఆల్బర్ట్ బిడర్‌మన్ 1957లో ఎనిమిది పద్ధతులను పేర్కొన్నాడు. ఒంటరిని చేయడం, ధ్యాసను ఒక్కచోటే నిలబెట్టడం, శరీరాన్ని నీరసింపజేయడం, బెదిరించడం, అప్పుడప్పుడు చిన్న మేలు చేయడం, తనకు ఎదురులేదని చూపించుకోవడం, కించపరచడం, అర్థంలేని చిన్నచిన్న ఆజ్ఞలను పాటింపజేయడం. వీటిలో బల్ల దగ్గర అన్నిటికంటే బలంగా పనిచేసేది చిన్న మేలు.

ఐదో సెషన్‌లో మా మేస్త్రీ ఒక కుర్రాడి పాత్రను పక్కకు పిలిచి, "తమ్ముడూ, నీ ముఖం చూడలేక నీ అప్పులో ఐదు పాయింట్లు కొట్టేశాను, మిగతావాళ్లకు చెప్పకు" అన్నాడు. ఆ పాత్రను నడుపుతున్న కాలేజీ అబ్బాయి, ఏ ఆలోచనా లేకుండా, చేతులు జోడించి థాంక్స్ చెప్పాడు. ఐదు నిమిషాల తర్వాత తన స్నేహితుల దగ్గర ఆ సంగతి దాచాడు. అంటే ఆ ఐదు పాయింట్లతో మేస్త్రీ నలుగురి మధ్య గోడ కట్టేశాడు. మీరు ఇలాంటి సన్నివేశం రాసేటప్పుడు మేలును నిజమైన మేలుగానే చెప్పండి. గొంతులో కపటం వినిపిస్తే ఆటగాళ్లు జాగ్రత్తపడిపోతారు.

నాలుగో పని, పిలుపులను అదుపులో పెట్టుకోవడం

అధికారాన్ని చూపడానికి తెలుగులో దొరికే పనిముట్టు మనం పిలుచుకునే తీరే. నువ్వు, మీరు, తమరు, ఒరే, ఏమే అన్న మాటలు ఎవరి నోట ఎప్పుడు మారాయో గమనిస్తే చాలు, ఎవరు ఎవరి కింద ఉన్నారో తెలిసిపోతుంది. మీ నోట్‌బుక్‌లో మేస్త్రీకి ఒక వరస రాసుకోండి. మా మేస్త్రీ మొదటి రోజు కూలీలను "రండి బాబూ, ప్రయాణం బాగా జరిగిందా?" అని పలకరించాడు. ఒప్పందం మీద వేలిముద్రలు పడ్డాక "నువ్వు" మొదలైంది. ఖాతాలో 310 దాటాక "ఒరే" వచ్చింది. కంపెనీ తనిఖీవాళ్లు వచ్చిన రోజున మళ్లీ "బాబూ" అన్నాడు. ఆ ఒక్క పిలుపుకే బల్ల చుట్టూ నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మనం సరిహద్దులో ఉన్నాం కాబట్టి మనకు రెండు భాషల సౌకర్యం ఉంది. ఒడియాలో తు, తుమే, ఆపణ అనే మూడు మెట్లున్నాయి. లాలించేటప్పుడు తెలుగు, ఆజ్ఞాపించేటప్పుడు ఒడియా మాట్లాడే మేస్త్రీని నేను నడిపాను. ఇదే పద్ధతిని రాతకు కూడా వర్తింపజేయండి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఒడియా మీడియంలో చదువుకున్న పిల్లలకు తెలుగు అక్షరాలు రాకపోవడం మనకు తెలిసిన విషయమే. మా స్టేషన్‌లో ఒప్పందపత్రం నలుగురిలో ఒక్కరికే వచ్చిన లిపిలో ఉంది. మిగిలిన ముగ్గురూ ఆ ఒక్కరి మాట మీదే వేలిముద్ర వేయవలసి వచ్చింది. పత్రాన్ని మీరు నిజంగానే ముద్రించి ఇస్తే, ఆ సన్నివేశానికి వేరే వర్ణన అవసరం లేదు.

ఒక జాగ్రత్త. మేస్త్రీ నోట "ఒరే" అంటున్నది మీరే, వింటున్నది మీకంటే పెద్దవారు కావచ్చు. ఆట మొదలయ్యేటప్పుడు అందరూ పాత్రల పేర్లున్న చీటీలను చొక్కాకు పెట్టుకోండి. చీటీ తీసేశాక బావ బావే, మాస్టారు మాస్టారే. "దొరా" అనో "బాబుగారూ" అనో అనమని ఏ ఆటగాడినీ బలవంతపెట్టవద్దు. అనాలనిపిస్తే వాళ్లే అంటారు.

ఐదో పని, పాచికలను మనసు మీద వేయకపోవడం

పాచిక పడిన సంఖ్యను బట్టి "మీ పాత్ర లొంగిపోయింది", "మీ పాత్రకు మేస్త్రీ అంటే ఇష్టం కలిగింది" అని చెప్పకండి. పాచిక వల్ల ఎంత ఖర్చవుతుందో, ఎవరు చూశారో, ఎంత ఆలస్యమైందో తేల్చండి. లోపల ఏమనిపించిందో ఆ పాత్రను నడిపేవారే చెబుతారు. అలాగే పాత్రల చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పని మిగిలి ఉండాలి. పని నెమ్మదిగా చేయడం, ఖాతాకు రహస్యంగా నకలు రాసుకోవడం, జబ్బుపడినవారి షిఫ్టును పంచుకోవడం, తనిఖీవాళ్ల ముందు ఒక ప్రశ్న అడగడం, చివరికి ఏమీ చెప్పకుండా ఊరుకోవడం కూడా ఎదురు నిలవడమే. వీటికి నియమాల్లో విలువ ఇవ్వండి. మేం నకలు రాసిన ప్రతి పేజీకీ ఒక గింజను గాజు గిన్నెలో వేసేవాళ్లం. గిన్నె నిండితే భూమికి పంపే సందేశానికి సాక్ష్యం సరిపోతుందని ముందే చెప్పాను. తప్పించుకునే దారి ఉందని ఆటగాళ్లకు తెలిసినప్పుడే వాళ్లు ఆ చీకటిలో నిలబడగలరు.

మూడు గంటల సెషన్‌లో ఇలాంటి బరువైన సన్నివేశాలు గంటకు మించనివ్వకండి. మిగతా సమయంలో తవ్వకం, యంత్రాల మరమ్మతు, కూలీల వంటగది ఉండాలి.

ఆరో పని, మీ చేతిలోని అధికారాన్ని గుర్తించడం

నా తప్పు ఇక్కడే జరిగింది. రెండో సెషన్‌లో మేస్త్రీని ఒక మహిళా పాత్ర ఎదుట, గాలితలుపు (ఎయిర్‌లాక్) దగ్గర అడ్డంగా నిలబెట్టాను. గీత దాటే ఉద్దేశం నాకు లేదు. అతను తలుపు తెరవకుండా, ఊరికే మాట్లాడుతూ నిలబడటాన్ని నేను సాగదీస్తూ పోయాను. ఆ పాత్రను నడుపుతున్నది మా వీధి అక్క. ఆమె "సరే" అంటూ, బల్ల మీది పెన్సిళ్లను ఒకదాని పక్కన ఒకటి సమానంగా పేర్చుతూ కూర్చున్నారు. నేను దాన్ని నటన అనుకున్నాను. అందరూ వెళ్లాక మెట్ల దగ్గర ఆగి, "ఆ తలుపుకాడ ఆడిని నిలబెట్టినావు చూడు, అప్పుడు నేను ఆటలో లేనురా తమ్ముడూ" అన్నారు. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను.

మా బల్ల మీద అప్పటికే ఎక్స్ కార్డ్ ఉంది. జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ఈ పద్ధతిలో, ఇబ్బందిపడినవారు ఎక్స్ గుర్తున్న కార్డును తాకితే చాలు, ఆ సన్నివేశాన్ని వెంటనే మార్చేస్తారు, సంజాయిషీ అడగరు. మరి ఎందుకు తాకలేదని అడిగితే, "అందరూ చూస్తుంటే చెయ్యి ఎలా చాపుతాను?" అన్నారు. కార్డు పెట్టినంత మాత్రాన సరిపోదని నాకు అప్పుడు తెలిసింది. అప్పటి నుంచి రెండు మార్పులు చేశాను. ప్రతి సెషన్ మొదటి అరగంటలో ఏదో చిన్న విషయం మీద నేనే ముందుగా కార్డు తాకుతాను, దాంతో అది మామూలు పని అయిపోతుంది. రెండోది, ఎవరైనా "టీ పెట్టమంటారా?" అంటే ఆట అక్కడితో ఆగిపోతుంది. నిజంగానే టీ పెడతాం. అడిగినవారికి ఇబ్బంది కలిగిందో, టీ తాగాలనిపించిందో ఎవరూ అడగరు. మీ ఇంట్లో కుదిరే మాట మీరు చూసుకోండి.

ఆటగాళ్ల చేతులను కూడా గమనించండి. మాటలు పొడిపొడిగా మారడం, ఫోను తిరగేసి పెట్టడం, నవ్వకూడని చోట నవ్వడం మీకు కనిపిస్తే, అడగకుండానే మీరే సన్నివేశాన్ని ముగించండి.

ఆట ముగిశాక కనీసం ఇరవై నిమిషాలు కూర్చోండి. చీటీలు తీసేసి, మామూలు పేర్లతో పిలుచుకుంటూ, ఆ రోజు ఏది బరువుగా అనిపించిందో ఎవరికి తోస్తే వారు చెప్పవచ్చు. ఎవరైనా తమ ఇంట్లోనో పనిచోటో జరుగుతున్న నిజమైన సంగతి బయటపెడితే, దాన్ని కథలోకి తీసుకోకండి. విడిగా వినండి, మహిళలకు 181, మనసు బాగోలేనివారికి టెలీ మానస్ 14416 నంబర్లు ఇవ్వండి.

చివరగా, విడుదల తర్వాతి రోజు

మా కథలో గిన్నె నిండింది, భూమి నుంచి ఉత్తర్వు వచ్చింది, 1976 చట్టంలో ఉన్నట్టే అప్పులన్నీ రద్దయ్యాయి. చాలామంది అక్కడితో ఆట ముగిస్తారు. మీరు ఇంకొక సెషన్ ఉంచుకోండి. ఖాతాపుస్తకాన్ని బల్ల మధ్యనే వదిలేసి, విడుదలైన మర్నాడు ఉదయం మీ పాత్ర ఏం చేస్తుందని ఒక్కొక్కరిని అడగండి. మా కాలేజీ అబ్బాయి పాత్ర మేస్త్రీ గదికి వెళ్లి, తనకు కొట్టేసిన ఐదు పాయింట్ల గురించి మిగతా ముగ్గురికీ చెప్పింది. అక్క నడిపిన పాత్ర గాలితలుపును తానే తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. లెక్కల మాస్టారి పాత్ర నిద్రలేచి, అలవాటు కొద్దీ గోడ మీది గాలి మీటరు దగ్గరకు వెళ్లి అంకె చూసి, రాసుకోవడానికి పెన్సిలు తీసింది. ఇలాంటి చోట పాచిక వేయించకండి. వాళ్లు మాట ముగించేదాకా ఆగి, తర్వాతివారిని అడగండి.